గుల్‌మార్గ్ వెళ్లే ముందు: టూరింగ్ స్కీలా, ఫ్రీరైడ్ స్కీలా?

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ మంచు వాలుల్లో స్కీయింగ్‌కని జనవరి, ఫిబ్రవరి నెలల్లో శంషాబాద్‌ నుంచి శ్రీనగర్ విమానం ఎక్కబోయేవాళ్లు ముందుగా అడిగేది ఏ స్కీలు తేలిక అని. 15 కిలోల లగేజీ పరిమితి చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. దయచేసి ఆ లెక్కన ఎంచుకోకండి. కొండ మీ కాళ్లతో ఎంతసేపు ఎక్కుతారన్నదే చూడండి.

కొండ ఎక్కడానికీ దిగడానికీ వాడే టూరింగ్ స్కీ ఒక్కోటి 1200 నుంచి 1400 గ్రాములు ఉంటుంది. అడుగున స్కిన్‌లు (వెనక్కి జారనివ్వని పట్టీలు) అంటించి, మడమ పైకి లేచే పిన్ బైండింగ్‌తో (బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) గంటలకొద్దీ ఎక్కొచ్చు. కష్టమంతా దిగేటప్పుడే. పదిమంది తొక్కి గట్లుగట్లుగా మారిన మంచులోనో, కరిగి మళ్లీ పెచ్చుకట్టిన మంచులోనో అవి ఎగిరెగిరి పడతాయి. అలసిన మోకాళ్లు ఆ కుదుపు తట్టుకోలేవు. ప్రధానంగా లోతు మంచులో దిగడానికే చేసిన ఫ్రీరైడ్ స్కీలు ఒక్కోటి రెండు కిలోల దాకా బరువు, మధ్యలో 100 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు. ఆ బరువు నిలకడనిస్తుంది, వెడల్పు లోతు మంచులో కూరుకుపోనివ్వదు.

గుల్‌మార్గ్‌లో గండోలా (కేబుల్ కారు) రెండు దశల్లో 2650 మీటర్ల నుంచి సుమారు 3950 మీటర్లకు చేరుస్తుంది. ఎక్కే పని దానిదే కాబట్టి నా ఓటు ఫ్రీరైడ్‌కే, అదీ అక్కడ అద్దెకు తీసుకుంటేనే. మలుపులు ఇంకా రానివాళ్లకు మాత్రం ఈ రెండూ వద్దు. కింది వాలుల్లో మామూలు స్కీలతో నేర్చుకోండి.

స్కీ కంటే బైండింగే ముఖ్యం. పడినప్పుడు బూటును వదలాల్సింది అదే. మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చెప్పి మీ ఎదుటే సెట్ చేయించుకోండి. ఎంత బలానికి బూటును వదలాలో చెప్పే నంబరు అది, స్నేహితుడికి పెట్టింది మీకు పనికిరాదు. టూరింగ్ బూటు రబ్బరు అడుగు మామూలు బైండింగ్‌లో సరిగా ఊడకపోవచ్చు, కాబట్టి రెండూ జతవుతాయో లేదో అడగండి. పిన్ బైండింగ్ అయితే ఎక్కేటప్పుడు ముందు భాగం లాక్ చేస్తారు. దిగే ముందు ఆ లాక్ తీయకపోతే పడ్డా స్కీ ఊడదు, కాలు విరగొచ్చు.

మంచుచరియలకు మీ స్కీ ఏ రకమో అక్కర్లేదు. 2010 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు వాటి కింద చనిపోయారు. స్కీ ప్యాట్రోల్ (వాలుల భద్రత చూసే సిబ్బంది) తెరిచిన హద్దు దాటకండి. హద్దులోపలైనా ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి. కూరుకున్నవాళ్లను తొలి పావుగంటలోపే తీయాలి, అంటే కాపాడేది పక్కనున్న మీరే. ముందే ఇక్కడ ఏదైనా పార్కులో ట్రాన్సీవర్ దాచి వెతికి చూడండి. వెతికేటప్పుడు ఫోను కనీసం అర మీటరు దూరంలో పెట్టండి.

కాళ్లకు సాధన గోల్కొండ మెట్ల మీద చేయొచ్చు. ఎక్కడం కన్నా నెమ్మదిగా దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, వాలులో తొడలు చేసే పని అదే. మనది 500 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఊరు కాబట్టి చేరిన రోజే గండోలా రెండో దశ ఎక్కొద్దు. తలనొప్పి, వాంతులు మొదలైతే వెంటనే కిందికి దిగండి.