తోలుపని స్వయంగా నేర్చుకోవడం: మొదటి కార్డు పర్సు దాకా

తోలుపనిని అభిరుచిగా మొదలుపెట్టేవారిలో చాలామంది ముందుగా కొనేది ముప్పై నలభై పనిముట్లున్న చవక సెట్టు. అందులో సగం వస్తువులు మొదటి ఏడాదిలో పెట్టెలోంచి బయటికి రావు, మిగిలినవాటికి పదును ఉండదు. ఆ డబ్బులో పెద్ద భాగం మంచి తోలు మీద, మిగిలింది ఐదారు పనిముట్ల మీద ఖర్చు చేయడమే మేలు. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు గానీ తోలులో ఒకసారి పడిన రంధ్రం పూడదు, తప్పిన కోత అతకదు. అందువల్ల ఈ పనిలో నేర్పంతా కత్తి, ఉలి తోలుకు తగలడానికి ముందు జరిగే కొలతలోనూ గీతలోనూ ఉంటుంది. గురువు లేకుండా నేర్చుకునేవారు ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

ముందుగా తోలు సంగతి. పచ్చి చర్మం కుళ్లకుండా నిలవాలంటే దాన్ని పదును చేయాలి, అంటే ఊనాలి. ఇందుకు రెండు ప్రధాన పద్ధతులున్నాయి. చెట్ల బెరడులోనూ కాయలలోనూ ఉండే టానిన్లనే వగరు పదార్థాలతో వారాల తరబడి ఊనడం ఒకటి. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో ముగించడం మరొకటి. బజారులో దొరికే జాకెట్లు, మెత్తని బ్యాగులు, బూట్ల పైభాగాలు ఎక్కువగా క్రోమ్ తోలువే. అది మెత్తగా ఉంటుంది, నీటిని తట్టుకుంటుంది, కానీ దాని అంచును ఎంత రుద్దినా మెరుగు రాదు. మొక్కల టానిన్లతో ఊనిన తోలు బిగువుగా ఉంటుంది, గీసిన గీత చెరగకుండా నిలుస్తుంది, తడిపి వంచితే ఆ ఆకారంలోనే ఆరుతుంది, రుద్దితే అంచు నున్నగా మెరుస్తుంది. నేర్చుకునే చేతికి ఇదే తగినది; దుకాణాలవారు దీన్ని వెజ్ టాన్ అంటారు.

ఈ పద్ధతి మనకు బయటినుంచి వచ్చినది కాదు. తంగేడు చెక్క, కరక్కాయ దక్షిణ భారతంలో తరతరాలుగా తోళ్లు ఊనడానికి వాడుతున్నవే. ఊరి చివర తోళ్లు ఊనే లందలలో ఆ పని చేసి, చెప్పులు, మోట బావుల తోలు బానలు, డప్పులు ఊరికి అందించినవి మాదిగ కుటుంబాలు. అంటరానితనాన్ని భరిస్తూ ఆ విద్యను నిలబెట్టినది వారేనన్న సంగతి, ఇష్టంతో ఈ పనిలోకి వచ్చే మనకు గుర్తుండాలి. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు శాస్త్రాన్నే తన జీవితపు పనిగా ఎంచుకుని, చెన్నైలో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు.

తోలు కొనేటప్పుడు కోసిన అంచును చూడాలి. మొక్కల టానిన్లతో ఊనిన తోలు అంచు పైనుంచి కింది వరకు ఒకే గోధుమ ఛాయలో ఉంటుంది; క్రోమ్ తోలు అంచు మధ్యలో చాలాసార్లు నీలి బూడిద రంగు కనిపిస్తుంది. అడుగున గుడ్డ అల్లిక కనిపిస్తే అది రెక్సిన్. నునుపు వైపు లోపలికి వచ్చేలా ముక్కను వంచి చూస్తే, సన్నని ముడతలు పడేది మంచి తోలు, లావుపాటి వదులు ముడతలు పడేది పొట్ట భాగపు తోలు. వీపు వెంబడి ఉండే తోలు గట్టిది, సాగదు. పొట్ట, కాళ్ల దగ్గరిది సాగుతుంది. లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది, మందం మిల్లీమీటర్లలో చెబుతారు. పర్సులకు 1.2 నుంచి 1.5 మి.మీ., బెల్టులకు 3 నుంచి 4 మి.మీ. మందం కావాలి. చెన్నై పెరియమెట్ దుకాణాలలో అన్ని రకాలూ దొరుకుతాయి. గుర్రపు జీనులకు పేరున్న కాన్పూరు నుంచి గట్టి గేదె తోలు వస్తుంది. మొదటిసారి పూర్తి తోలు కొనవద్దు. మూడు నాలుగు చదరపు అడుగుల కట్ పీసులు చాలు, అందులో కొంత పాడుచేయడానికే అనుకోవాలి.

పనిముట్ల విషయం త్వరగానే తేలుతుంది. విరిచి వాడే బ్లేడున్న కట్టరు, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్, పళ్ల మధ్య 4 మి.మీ. ఎడంతో కుట్టు రంధ్రాలు పొడిచే రెండు పళ్ల, ఆరు పళ్ల స్టిచింగ్ చిజిళ్లు, చెక్క లేదా నైలాన్ గూటం, మొన మొండిగా ఉండే సూదులు రెండు, 0.8 మి.మీ. మైనపు పాలియెస్టర్ దారం ఉంటే మొదటి వస్తువు పూర్తవుతుంది. ఇనుప సుత్తితో చిజిల్ తల మీద కొట్టకూడదు, తల చితికిపోతుంది. అంచుకు సమానదూరంలో గీత గీయడానికి పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడరు సరిపోతుంది.

ఇంకొక సాయం మీ వీధి చివరే ఉండవచ్చు. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర అడిగి, ఆయన సమయానికి తగిన డబ్బు ఇచ్చి, ఒక గంట పక్కన కూర్చోండి. రంపె అనే తోలు కత్తితో అంచును ఎలా పలచన చేస్తారో, రంధ్రాలు పొడిచే ఆరెను ఏ వాలులో దించుతారో, బ్లేడును రాతి మీద ఎప్పుడెప్పుడు నూరుతారో కళ్లారా చూస్తే వీడియోలలో అర్థంకానివి చాలా తెలుస్తాయి. ముఖ్యంగా నూరడం. మొద్దు బ్లేడుతో కోసేవారు బలం వాడతారు, బలం వాడిన చోట బ్లేడు జారుతుంది.

మొదటి వస్తువుగా రెండు ముక్కల కార్డు పర్సు చేయడం మంచిది. ఏటీఎం, పాన్ కార్డులన్నీ ఒకే కొలత: 85.6 మి.మీ. పొడవు, 54 మి.మీ. వెడల్పు. కార్డు లోపల కదలడానికి జాగా, రెండు పక్కలా కుట్టుకు చోటు కలుపుకుంటే 98 మి.మీ. పొడవు, 64 మి.మీ. ఎత్తు ఉన్న రెండు ముక్కలు కావాలి. ముందు ముక్క పై అంచు మధ్యలో పది రూపాయల నాణెం సగం పెట్టి గీస్తే, కార్డును బొటనవేలితో పైకి తోయడానికి సరిపడే అర్ధచంద్రం వస్తుంది. ఈ నమూనాను ముందు దళసరి అట్ట మీద కత్తిరించి, రెండు అట్టలను మూడు పక్కలా స్టేపుల్ చేసి, నిజంగా కార్డులు పెట్టి తీసి చూడాలి. అట్టలో బిగుతుగా ఉన్నది తోలులో ఇంకా బిగుతవుతుంది.

కోసేటప్పుడు స్కేలును ముక్క మీదే ఉంచి, బయటివైపు బ్లేడు నడపాలి. అప్పుడు బ్లేడు జారినా పాడయ్యేది మిగులు తోలే. మొదటిసారి తేలికగా గీత పడేలా, రెండోసారి లోతుగా లాగాలి. వంపుల దగ్గర చేతిని తిప్పకుండా తోలును తిప్పాలి.

పర్సు కుట్టాక చేయి దూరని అంచులు ఏవో ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడ అవి రెండు ముక్కల పై అంచులు, అర్ధచంద్రం. వాటికి ఇప్పుడే మెరుగు పెట్టాలి; ఎలాగో కింద చెబుతాను. ఆ తరువాత మూడు పక్కల అంచుల లోపలివైపు 3 మి.మీ. వెడల్పున చెప్పుల దుకాణంలో సొల్యూషన్ అని పిలిచే జిగురు రెండు ముక్కలకూ పలచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటని స్థితికి వచ్చాక అదిమి అతికించాలి. కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి ఈ పని చేయాలి. ఆ ఆవిరి మంచిది కాదు. అతికాక రెండు అంచులనూ కలిపి గరుకు కాగితంతో రుద్ది ఒకే అంచుగా చేసి, దానికి 3.5 మి.మీ. లోపలగా డివైడరుతో గీత గీయాలి.

చిజిలును ఆ గీత మీద నిలువుగా నిలిపి గూటంతో కొట్టాలి. అది కాస్త ఒరిగినా వెనకవైపు రంధ్రాల వరుస వంకరపోతుంది. కింద దళసరి రబ్బరు లేదా పాత చెప్పు అట్ట వేసుకోవాలి. ప్రతిసారీ చిజిల్ మొదటి పన్నును ఇంతకుముందు పడిన చివరి రంధ్రంలో పెడితే ఎడం మారదు. మూలల దగ్గరికి వచ్చేసరికి రెండు పళ్ల చిజిల్ వాడి, ముందు రంధ్రాల గుర్తు మాత్రమే తేలికగా నొక్కి, లెక్క సరిపోయిందని చూసుకున్నాకే కొట్టాలి.

ఇప్పుడు కుట్టు. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుని ఉంటాయి, ఒకచోట తెగితే పక్క కుట్లు వదులవుతాయి. చేతి కుట్టులో ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు ఉంటాయి, ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా దాటుతాయి, ఒకవైపు తెగినా రెండోవైపు పట్టి ఉంచుతుంది. గుర్రపు జీనులు కుట్టేవారి కుట్టు కాబట్టి దీన్ని శాడిల్ స్టిచ్ అంటారు. కుట్టవలసిన పొడవుకు నాలుగు రెట్ల దారం, సూదులకు మరికాస్త తీసుకోవాలి; ఈ పర్సుకు మీటరు పైచిలుకు దారం సరిపోతుంది.

పర్సును రెండు చెక్కల మధ్య బిగించి మోకాళ్ల నడుమ పట్టుకుని, మొదటి రంధ్రంలో దారం రెండువైపులా సమంగా వచ్చేలా లాగండి. రెండో రంధ్రంలో ఎడమ సూదిని కుడివైపుకు పంపండి. అది సగం బయటికి రాగానే కుడి సూదిని దాని వెనక అడ్డంగా ఆనించి, రెండింటినీ కలిపి పట్టుకుని లాగండి. తరువాత చేతిని తిప్పి, ఇప్పుడే వచ్చిన దారాన్ని కొద్దిగా పక్కకు లాగిపట్టి, అదే రంధ్రంలో కుడి సూదిని ఎడమవైపుకు పంపండి. దారాన్ని లాగిపట్టేది సూది దాని పోగుల్లో గుచ్చుకోకుండా ఉండడానికి. గుచ్చుకుంటే కుట్టు బిగియదు, విప్పడానికీ రాదు. చివరగా రెండు చేతులతో సమంగా లాగితే దారం తోలులోకి కాస్త దిగుతుంది. ఏ సూది ముందు వెళ్లాలి, ఏది వెనక ఉండాలి అన్నది మొదటి కుట్టులో ఎలా ఉందో చివరి కుట్టు దాకా అలాగే ఉండాలి. కుట్లన్నీ ఒకే వాలుగా పడడానికి కారణం ఆ క్రమమే తప్ప, చేతి నేర్పు కాదు. చివర మూడు కుట్లు వెనక్కి కుట్టి, దారం కత్తిరించి, మొనను లైటరుతో కరిగించి నొక్కితే ఊడదు. ఒక మూరెడు పొడవు వృథా తోలు మీద ఈ కుట్టు సాధన చేశాకే పర్సు పట్టుకోమని నా మనవి.

అంచు మెరుగుకు ఖరీదైన సరుకు అక్కరలేదు. అంచు మూలలను గరుకు కాగితంతో కాస్త గుండ్రం చేసి, 400, ఆపై 800 నంబరు కాగితంతో రుద్ది, వేలితో నీళ్లు అద్ది, జీన్స్ గుడ్డతో వేగంగా రుద్దండి. రాపిడి వేడికి పోగులు అణిగి గాజులా నునుపెక్కుతాయి. ఆరాక తేనెమైనం పూసి మళ్లీ రుద్దాలి. నీళ్లు ఎక్కువైతే అంచు ఉబ్బి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

తడి తోలును ఇనుముకు దూరంగా ఉంచండి. టానిన్, ఇనుము, నీరు కలిస్తే నల్లని మరక పడుతుంది, అది తేలికగా పోదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నీరు నల్లని గీతగా మారేది ఈ చర్య వల్లనే. కావాలనుకుంటే దీన్ని రంగుగానూ వాడుకోవచ్చు: స్టీలు పీచును తెల్ల వెనిగర్‌లో కొన్ని రోజులు, మూత బిగించకుండా ఊరబెట్టి, వడకట్టి పూస్తే తోలు కళ్లముందే నల్లబడుతుంది. తరువాత పలచని వంటసోడా నీటితో తుడిచి, ఆరాక నూనె పట్టించాలి. రంగు పైన పూతలా కాక తోలులోనే పుడుతుంది కనుక గోకినా త్వరగా ఊడదు.

కోస్తా జిల్లాల వానాకాలంలో తోలుకు బూజు పట్టడం ఖాయం. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టకుండా, నూలు గుడ్డలో వదులుగా చుట్టి గాలి తగిలే చోట ఉంచాలి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో ఇంటి బయట తుడిచి నీడలో ఆరబెట్టాలి.

పర్సును ఒకే నమూనాతో రెండు మూడుసార్లు చేసి, కుట్టు మీద నమ్మకం కుదిరాక బెల్టుకు వెళ్లవచ్చు. వీపు వెంబడి పొడవుగా కోసిన పట్టీనే కొనండి. జీన్స్‌కైతే 38 మి.మీ. వెడల్పు, ఆఫీసు ప్యాంటుకైతే 30 నుంచి 35. నడుము కొలవకుండా, పాత బెల్టులో బకిల్ దగ్గర తోలు మడత పడిన చోటునుంచి మీరు రోజూ వాడే రంధ్రం దాకా కొలిచి, కొత్త పట్టీలో ఆ దూరాన మధ్య రంధ్రం వేయండి. దానికి అటు రెండు, ఇటు రెండు 25 మి.మీ. ఎడంతో వేస్తే, నడుము కాస్త తగ్గినా పెరిగినా అదే బెల్టు సరిపోతుంది.