ఉప్పలపాడు పక్షులను కంప్యూటర్‌తో లెక్కపెట్టడం ఎలా?

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తుమ్మచెట్ల నిండా కిక్కిరిసి ఉంటాయి. కంటితో లెక్కపెడితే సగంలోనే లెక్క తప్పుతుంది. గట్టు మీద చిన్న కెమెరా పెట్టి, ఫొటోల్లోని పక్షులను గుర్తుపట్టడం మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకు) నేర్పితే ఏ గంటకు ఎన్ని ఉన్నాయో తేలుతుంది. ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. డ్రోన్ మాత్రం వద్దే వద్దు. తల్లిపక్షి బెదిరి లేచిందంటే పిల్లలు ఎండకో, కాకులకో బలవుతాయి.

కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దానికి తగిలించే కెమెరా మాడ్యూల్ 3, 64 జీబీ కార్డు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, వాన దిగని డబ్బా, డీఎస్3231 గడియారం మాడ్యూల్. ఈ చివరిది మానొద్దు. రాస్ప్‌బెర్రీ పై 4లో సొంత గడియారం లేదు. నెట్ లేనిచోట ఆగి మళ్లీ మొదలైతే టైము తప్పు పడుతుంది, పక్షులు మేతకు వెళ్లిన వేళలన్నీ తారుమారవుతాయి.

ఫోకస్‌ను చేత్తో సరిచేసి అక్కడే ఆపేయండి. ఆటోఫోకస్‌లో వదిలేస్తే గాలికి ఊగే దగ్గరి కొమ్మ మీదికి పోతుంది. నిమిషానికి ఒక ఫొటో చాలు.

అసలు చిక్కు సైజుతో. ఫొటో వెడల్పు 4608 పిక్సెళ్లు. 50 మీటర్ల దూరాన నిలబడ్డ మీటరు ఎత్తు కొంగ అందులో సుమారు 70 పిక్సెళ్లే. ఫొటోలో ఏది ఎక్కడుందో పట్టే యోలో అనే మోడల్‌కు ఫొటో అంతా ఒకేసారి ఇస్తే వెడల్పును 640 పిక్సెళ్లకు కుదిస్తుంది, కొంగ 10 పిక్సెళ్ల చుక్క అయిపోతుంది. అందుకే 640×640 ముక్కలు చేయండి. పక్క ముక్కతో 128 పిక్సెళ్లు కలిసేలా కోస్తే ఫొటోకు 45 ముక్కలొస్తాయి, అంచున తెగిన పక్షి పక్క ముక్కలో నిండుగా దొరుకుతుంది. రెండుచోట్లా కనబడ్డదాన్ని ఒకటిగా కలపడం మరవకండి.

మోడల్‌కు నేర్పడానికి, పక్షులున్న 300 ముక్కల్లో ఒక్కో పక్షి చుట్టూ గడి గీసి దాని జాతి పేరు పెట్టండి. పక్షి లేనివి ఓ 50 కూడా కలపండి. రెట్టతో తెల్లబడ్డ కొమ్మను మోడల్ కొంగ అనుకునేది ఇవి లేనప్పుడే.

శిక్షణకూ పరీక్షకూ వేర్వేరు రోజుల ఫొటోలు వాడండి. కదలకుండా కూర్చున్న అదే కొంగ రెండువైపులా ఉంటే మోడల్‌కు మార్కులు ఊరికే వచ్చేస్తాయి.

చివరగా 20 ఫొటోలను ఇద్దరు విడివిడిగా చేత్తో లెక్కపెట్టి, జాతివారీగా మోడల్ లెక్కతో పోల్చండి. ఎక్కువగా తప్పిపోయేది గూట్లో తల్లి చాటున ఉన్న పిల్లలే, వాటి లెక్కను పట్టికలో విడిగా రాసుకోండి.