చుట్టుపక్కల పాత కట్టడాలు, కొండలు చూడబోయే ముందు జాగ్రత్తలు

సిగ్నల్ అందని చోట పనికివచ్చేలా మ్యాపును ఫోన్‌లోకి ముందే దించుకుని, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.

శిలాశాసనాల దగ్గర మరింత శ్రద్ధ అవసరం. అరిగిన అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో రుద్దడం, నూనె పూయడం రాతికి హాని చేస్తాయి కాబట్టి, టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. గాట్లలో నీడ నిలిచి అక్షరాలు స్పష్టంగా తేలతాయి.

పాచి పట్టిన బావి మెట్లు దిగవద్దు.

కొండ మీద ఉండగా మెరుపు మెరిసిన 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే, ఆ మెరుపు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు లెక్క. చెట్ల కిందా శిథిల మండపాల్లోనూ నిలబడక, వెంటనే దిగి పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో చేరి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల వరకు బయటికి రాకండి.