అమెరికా బ్యాన్ గడువు అయిపోయింది కదా అని టికెట్ కొనేముందు

అమెరికాలో గడువు దాటి ఉండిపోయినందుకు (ఓవర్‌స్టే) పడ్డ బ్యాన్ గడువు ముగిస్తే జరిగేది ఒక్కటే, ఆ బ్యాన్ పేరు చెప్పి మిమ్మల్ని ఆపరు. అంతేగానీ వీసా ఇచ్చి తీరాలని రూలేమీ లేదు. మనవరాలి పురుడుకి వెళ్లి ఉండిపోయిన పెద్దవాళ్లైనా, పనికోసం ఆగిపోయిన కుర్రాళ్లైనా, వీసా ఇంటర్వ్యూ స్లాట్ బుక్ చేయకముందే కొన్ని పనులు చేసుకోవాలి.

ముందు లెక్క. చాలామంది వీసా స్టాంపు మీదున్న తేదీ పట్టుకుని లెక్కేస్తారు, చూడాల్సింది ఐ-94లో, అంటే అమెరికాలో దిగినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో ఇచ్చే రికార్డులో, ఉన్న ఆఖరు తేదీ. అది దాటాక 180 రోజులకు మించి ఏడాదిలోపు ఉండి, ఇమిగ్రేషన్ కేసేదీ మొదలవకముందే తమంతట తాము వచ్చేసినవాళ్లకు 3 ఏళ్లు, ఏడాది లేదా ఆపైన ఉన్నవాళ్లకు 10 ఏళ్లు, అదీ అమెరికా వదిలిన రోజు నుంచి. 180 రోజుల్లోపైతే ఈ బ్యాన్ పడదు, కానీ పాత వీసా చెల్లనట్టే, అందులో ఇంకా టైముంది కదా అని విమానం ఎక్కొద్దు. 18 ఏళ్లు నిండకముందు ఉన్న రోజులు లెక్కలోకి రావు. స్టూడెంట్ల ఐ-94లో తేదీ బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం ఉండొచ్చని) అని ఉంటే, ఇమిగ్రేషన్ వాళ్లో జడ్జో స్టేటస్ పోయిందని తేల్చేదాకా మామూలుగా ఈ లెక్కే మొదలవదు, కాబట్టి లేని బ్యాన్‌కి భయపడి ఏళ్లు ఆగినవాళ్లూ ఉండొచ్చు. డిపోర్ట్ అయినవాళ్లది పూర్తిగా వేరే లెక్క, ఇక్కడి ఏజెంటుకి కాదు, అమెరికా ఇమిగ్రేషన్ లాయర్‌కే కాగితాలు చూపించండి.

తర్వాత, వచ్చేసినట్టు రుజువు. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టు మీద స్టాంపు వేయరు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దిగినప్పుడు మనవాళ్లు వేసిన స్టాంపే మీకు ఆధారం. పాత పాస్‌పోర్టు పారేయకండి. బోర్డింగ్ పాసు, టికెట్ మెయిలు, తిరిగొచ్చాక ఇక్కడ చేసిన ఉద్యోగం జీతం స్లిప్పులు, ఏది దొరికితే అది ఒక ఫైల్లో పెట్టండి.

ఇక అసలు ప్రమాదం. వీసాకి ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా గడువు దాటి ఉన్నారా అని సూటిగా అడుగుతారు. మన ఊళ్లల్లో కొంతమంది కన్సల్టెన్సీ వాళ్లు "ఏం కాదన్నా, కొత్త పాస్‌పోర్టు కదా, నో కొట్టేద్దాం" అంటారు. కొట్టేది వాళ్లు, సంతకం మీది. పాస్‌పోర్టు మారినా, ఇంటిపేరు స్పెల్లింగు మారినా పది వేళ్ల ముద్రలు మారవు. అబద్ధమని తేలిందంటే 3 ఏళ్లూ 10 ఏళ్లూ కాదు, జన్మంతా నిషేధం, దానికి గడువు ముగియడమంటూ లేదు. 'ఎస్' పెట్టండి, కింద ఉన్న పెట్టెలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో, ఎందుకు ఉన్నారో, ఎప్పుడు వచ్చేశారో రెండు మూడు వాక్యాల్లో రాయండి. సబ్మిట్ చేసేముందు ఫారం మొత్తం మీరే చదవండి, ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకోండి.

హైదరాబాద్‌లో వేలిముద్రలు ఒకరోజు, ఇంటర్వ్యూ ఇంకోరోజు ఉంటాయి, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు రెండుసార్లు తిరుగుతారో అక్కడే ఆగుతారో ముందే చూసుకోండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఓవర్‌స్టే గురించి అడిగితే తేలు కుట్టిన దొంగలా నిలబడొద్దు, ఫారంలో రాసిందే చెప్పండి. పొలం కాగితాల కట్ట తీసుకెళ్లండి గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు, చాలాసార్లు అడగనే అడగరు. వెనక్కి వచ్చేస్తారన్న నమ్మకం కలగకపోతే రిజెక్ట్ చేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. వీసా చేతికొచ్చేదాకా టికెట్ కొనొద్దు.

వీసా వచ్చినా లోపలికి పంపేది దిగినచోట ఆఫీసరే. పక్క గదికి తీసుకెళ్లి గంటలకొద్దీ కూర్చోబెట్టొచ్చు, అందుకే ఆ ఫైలు సూట్‌కేసులో కాదు, చేతి సంచీలో ఉండాలి. కనెక్టింగ్ ఫ్లైట్‌కి మధ్యలో టైము బాగా పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రలు కూడా చేతి సంచీలోనే. ఎయిర్‌పోర్టు బయటికొచ్చిన రోజే ఆన్‌లైన్‌లో కొత్త ఐ-94 తీసి తేదీ చూడండి, పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ఆరు నెలలు కాకుండా ఆ గడువు దాకానే ఇచ్చి ఉండొచ్చు.