జైలోజ్ దగ్గర ఈస్ట్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

కుళ్లుతున్న దుంగల్లో బతికే పాసాలిడ్ పెంకుపురుగుల పేగుల్లో కనిపించే షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ అనే ఈస్ట్, కలపలోనూ గడ్డిలోనూ ఉండే జైలోజ్ అనే అయిదు కార్బన్ల చక్కెరను ఆల్కహాల్‌గా పులియబెడుతుంది. రొట్టెల తయారీలో వాడే ఈస్ట్‌కు సహజంగా ఆ శక్తి లేదు. పాత పుస్తకాల్లో షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ పేరు పికియా స్టిపిటిస్. హైదరాబాద్‌లో జొన్న చొప్పనో వరిగడ్డినో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికించి, వచ్చిన రసంపై ఈ ఈస్ట్‌ను ప్రయోగించే విద్యార్థులకు ఈ వివరాలు పనికొస్తాయి.

సమస్య: ఈస్ట్ చిక్కగా పెరిగింది, జైలోజ్ తరిగిపోయింది, ఆల్కహాల్ మాత్రం నామమాత్రంగా ఉంది.
అన్నిటికంటే ముందు అనుమానించవలసింది గాలినే. రొట్టెల ఈస్ట్ చక్కెర ఎక్కువగా దొరికితే గాలి ఉన్నా ఆల్కహాల్ చేస్తుంది. స్టిపిటిస్ అలా కాదు, ఆక్సిజన్ పుష్కలంగా అందితే చక్కెరను శ్వాసక్రియకూ సొంత పెరుగుదలకూ ఖర్చు చేస్తుంది. అలాగని ఫ్లాస్కును పూర్తిగా బిగిస్తే పెరుగుదలే ఆగిపోతుంది. అందువల్ల మొదట బాగా గాలి ఇచ్చి కణాలను పెంచి, ఆ తర్వాత ఫ్లాస్కులో ద్రవం ఎక్కువగా నింపి, షేకర్ (ఫ్లాస్కులను కుదిపే యంత్రం) వేగం తగ్గించి, గాలి కొద్దిగా మాత్రమే అందే స్థితిలో పులియబెట్టాలి. గ్రాము జైలోజ్‌కు సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 0.51 గ్రాముల ఆల్కహాల్ వస్తుంది కాబట్టి, ప్రతి మార్పు ఫలితాన్నీ ఆ అంకెతో పోల్చి చూడాలి.

సమస్య: ఆల్కహాల్ ఒక స్థాయికి చేరి, తిరిగి తగ్గుతోంది.
చక్కెర అయిపోయాక, గాలి అందుతుంటే, ఈస్ట్ ఆ ఆల్కహాల్‌నే తింటుంది. జైలోజ్ అడుగంటగానే ప్రక్రియను ఆపాలి.

సమస్య: రసంలో ఈస్ట్ అసలు పెరగడం లేదు.
ఆమ్లంతో ఉడికించినప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ దీనికి విషప్రాయం. సున్నం కలిపి పీహెచ్‌ను 10 దాకా పెంచి, మడ్డిని వడకట్టి, తిరిగి 5 నుంచి 5.5కు దించితే ఫర్‌ఫ్యూరాల్ చాలావరకు తగ్గుతుంది. ఎసిటిక్ ఆమ్లం మాత్రం సున్నంతో పోదు. పీహెచ్ మరీ తక్కువ కాకుండా చూసుకుంటేనే దాని దెబ్బ తగ్గుతుంది. మే నెలలో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక, చల్లబరిచే ఏర్పాటు లేని షేకర్‌ను నమ్మకూడదు. ఈ ఈస్ట్‌కు 30 డిగ్రీల దరిదాపులే అనుకూలం.

సమస్య: బయటి జన్యువును చేర్చారు, అది కణంలోకి చేరినట్టు పరీక్షలో తేలింది, అయినా ప్రోటీన్ పనిచేయడం లేదు.
ఇది తెలియక నెలల శ్రమ వృథా చేసుకోవడం నిజంగా బాధాకరం. చాలా జీవుల్లో సీయూజీ అనే కోడాన్ (జన్యు సమాచారంలోని మూడక్షరాల సంకేతం) ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని సూచిస్తే, స్టిపిటిస్‌లో అది సెరీన్‌ను సూచిస్తుంది. ఈ.కోలై అనే బ్యాక్టీరియా జన్యువుల్లో ఈ కోడాన్ విస్తారంగా ఉంటుంది గనుక, ప్రోటీన్‌లో అనేకచోట్ల తప్పుడు అమైనో ఆమ్లం చేరి దాని ఆకృతే చెడుతుంది. జన్యువును కృత్రిమంగా తయారు చేయించేటప్పుడే ప్రతి సీయూజీనీ యూయూజీ వంటి మరో ల్యూసిన్ కోడాన్‌గా మార్పించాలి. స్టిపిటిస్ జన్యువును రొట్టెల ఈస్ట్‌లోకి తరలించేటప్పుడు కూడా అందులో సీయూజీ ఉందేమో చూసి, ఉంటే దాన్ని సెరీన్ కోడాన్‌గా మార్చుకోవాలి.