టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగితే మాత్ర మొదలుపెట్టాలా?

ల్యాబ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) 6.8 అని ముదురు అక్షరాల్లో కనిపించగానే, థైరాయిడ్ వచ్చేసిందని, ఇక జీవితాంతం థైరాయిడ్ హార్మోన్ మాత్రేనని కంగారుపడేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఆ నిర్ణయానికి వచ్చే ముందు ఫ్రీ టీ4 (రక్తంలో వాడుకకు సిద్ధంగా ఉన్న థైరాయిడ్ హార్మోన్) ఎంత ఉందో చూడాలి. మామూలు థైరాయిడ్ ప్రొఫైల్‌లో అది లేకపోతే అడిగి చేయించుకోవాలి. అది సరైన పరిధిలోనే ఉంటే థైరాయిడ్ హార్మోన్ లోపం ఇంకా స్వల్పమేనని అర్థం.

రెండు మూడు నెలలు ఆగి, వీలైతే అదే ల్యాబ్‌లో, అదే వేళకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరగవచ్చు; జుట్టు కోసం వాడే బయోటిన్ ఫలితాన్నే తారుమారు చేయగలదు కనుక దానిని కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు మాత్రం ఇలా ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి.

రెండోసారి కూడా ఎక్కువే వస్తే యాంటీ టీపీవో (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల) పరీక్ష అవసరం. అది పాజిటివ్ అయితే, శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీసే హషిమోటో వ్యాధి కారణమని దాదాపు తేలినట్టే. ఇటువంటివారిలో ఏటా నూటికి సుమారు నలుగురికి పూర్తిస్థాయి లోపం వస్తుంది. మిగిలినవారికి ఆ ఏడాది రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షను ప్రతిసారీ చేయించి డబ్బు పోగొట్టుకోనవసరం లేదు.

టీఎస్‌హెచ్ 10 దాటి నిలిచిపోతే సాధారణంగా మందు ఇస్తారు. అంతకు తక్కువైతేనే అసలు ఆలోచన. వయసు మీదపడే కొద్దీ టీఎస్‌హెచ్ సహజంగానే కొంత పెరుగుతుంది. 65 ఏళ్లు దాటినవారిపై జరిగి 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మాత్ర వల్ల నీరసం తగ్గలేదు. పైగా మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. అందుకే డెబ్బై దాటిన అమ్మకు 6.8 ఉందని మాత్ర మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. అదే ముప్పై ఏళ్ల మనిషికి గొంతు దగ్గర వాపు, పెరిగిన కొలెస్ట్రాల్, వదలని మలబద్ధకం ఉంటే మందు వాడిచూడడం సబబే. అయితే నీరసానికి రక్తహీనత కారణమేమో ముందుగా చూసుకోవాలి.

వాడాలని డాక్టరుతో కలిసి నిశ్చయిస్తే, ఏయే బాధలు ఎంతెంత ఉన్నాయో ఆ రోజే నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి. అది సరైన పరిధికి వచ్చి మూడు నాలుగు నెలలైనా పుస్తకంలో రాసుకున్న బాధలు అలాగే ఉంటే, మందు ఆపే విషయం డాక్టరును అడగవచ్చు. మందు వద్దనుకున్నవారు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.