మింట్ వేశాక వైఫై మాయం: నా అనుభవం

విండోస్ 10 బరువుకి మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్‌లో, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేశాను. తీరా చూస్తే కింద మూలన వైఫై గుర్తే లేదు! డ్రైవర్ (వైఫై పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది.

చివరికి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చే సదుపాయం) ఆన్ చేశాను. మింట్ దాన్ని మామూలు వైరు నెట్‌లాగే తీసుకుంది. (మొదటి కేబుల్ ఛార్జింగ్‌కి తప్ప పనికిరాదని తెలిసేసరికి అరగంట పోయింది.) మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, ‘రికమెండెడ్’ అని ఉన్నది ఎంచుకుని, అప్లై కొట్టి రీస్టార్ట్ చేశాను.

అయినా రాలేదు. డిజిటల్ సంతకం (నమ్మదగినదన్న గుర్తు) లేని డ్రైవర్‌ని సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు లోడ్ కానివ్వదట. బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి సెక్యూర్ బూట్‌ని ఆపాను. ఈసారి మా ఇంటి వైఫైతో పాటు పక్కింటివీ కనిపించాయి.